జాబ్ కార్డు మీద రాయించు, స్రవంతీ

చిరంజీవి స్రవంతికి, మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఎయిర్‌పోర్టుకు వెళ్తుంటే స్టీరింగ్ బిగుసుకుపోయిందట, మీటర్ దగ్గర పసుపు లైటు వెలిగిందట, పక్కకు ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే మామూలైపోయిందట. సర్వీస్ సెంటర్ వాళ్ళు కంప్యూటర్ పెట్టి చూసి, "ఏమీ లేదు మేడమ్, మీరే గట్టిగా తిప్పి ఉంటారు" అన్నారట. ఆ చివరి మాటకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు ఉప్పల్ వర్క్‌షాపులో బస్సులు విప్పినవాణ్ణి. ఆడపిల్ల గట్టిగా తిప్పితే పోయే స్టీరింగ్‌ను నేనైతే ఎక్కడా చూడలేదు.

ముందు ఆ కారు నడపడం మానెయ్. సర్వీస్ సెంటర్‌కు కూడా నడుపుకుంటూ పోవద్దు. ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే వాళ్ళే వచ్చి ఎక్కించుకుపోతారు. లేకపోతే డబ్బులిచ్చి టోయింగ్ బండి పిలిపించు, రసీదు దాచు. బయటి మెకానిక్‌తో మాత్రం విప్పించకు. నేనూ మెకానిక్‌నే, అయినా చెబుతున్నా. బయటివాడి చెయ్యి పడిందంటే కంపెనీకి సాకు దొరికినట్టే.

ఇక అసలు సంగతి. మొన్న నీకిచ్చిన జాబ్ కార్డు, అదే బండి తీసుకునేటప్పుడు సర్వీస్ సెంటర్ వాళ్ళు మన ఫిర్యాదు రాసుకునే కాగితం, తీసి చూడు. "జనరల్ చెకప్" అని ఉంటుంది, పందెం. నువ్వు కౌంటర్ దగ్గర పావుగంట చెప్పిందంతా గాలికి పోయింది. ఈసారి వెళ్ళినప్పుడు నీ మాటల్లోనే రాయించు: ఫలానా తేదీ, ఇన్ని కిలోమీటర్ల దగ్గర, ఇంత వేగంలో స్టీరింగ్ బిగుసుకుంది, లైటు వెలిగింది. అలా రాసేదాకా సంతకం పెట్టకు. రాశాక ఫోన్‌తో ఫోటో తీసుకో. స్కానర్ పెట్టినప్పుడు వచ్చే ఎర్రర్ కోడ్‌లను, అంటే కారు కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న లోపాల గుర్తులను, చెరిపేయకముందే ప్రింట్ అడుగు. చెరిపేశాక "ఏమీ లేదు" అనడం నిజమే అవుతుంది కదా! "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం" అంటే పాత వెర్షన్ ఏది, కొత్తది ఏది అని రాయించు. పార్ట్ మారిస్తే పాతదాని నంబర్, కొత్తదాని నంబర్ బిల్లు మీద ఉండాలి.

నంబర్ల గోల ఎందుకంటావా? అమెరికాలో జనరల్ మోటార్స్ కార్లలో ఇగ్నిషన్ స్విచ్ లూజుగా ఉండేది. నడుస్తుండగానే తాళం చెవి దానంతటదే తిరిగిపోయి ఇంజిన్ ఆగిపోయేది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. కంపెనీలో కొందరికి ఆ సంగతి ఏళ్ళ ముందే తెలుసు. చివరికి స్విచ్‌ను మార్చారు, కానీ పార్ట్ నంబర్ మార్చలేదు. దాంతో పాత స్విచ్‌కూ కొత్త స్విచ్‌కూ తేడా కాగితం మీద కనబడకుండా పోయింది. ఒక బాధిత కుటుంబం కేసు వేసి, స్విచ్‌లు విప్పించి పోల్చి చూపించాకే బండారం బయటపడింది. రీకాల్, అంటే లోపమున్న బండ్లను కంపెనీయే వెనక్కి పిలిచి బాగుచేయడం, 2014లో గాని రాలేదు. ఆ లోపంతో 124 మంది చనిపోయారని కంపెనీ పెట్టిన పరిహార నిధే తేల్చింది.

నా అనుభవం అంత పెద్దది కాదులే. 2016లో కొన్న కారుకు బ్రేక్ పెడల్ అప్పుడప్పుడు రాయిలా గట్టిపడేది. మెహదీపట్నం ఫ్లైఓవర్ దిగుతూ ఒకసారి ముందున్న ఆటోకు జానెడు దూరంలో ఆగాను. మూడుసార్లు తీసుకెళ్ళాను, మూడుసార్లూ "మీకొక్కరికే వస్తోంది సార్" అన్నారు. నేనూ పెద్దమనిషి తరహాలో నోటిమాటతోనే వచ్చేశాను. నాలుగోసారి రాయించి, డెలివరీ కాగితం మీద సంతకం పెట్టకుండా సాయంత్రం దాకా కూర్చున్నా. పెడల్ తేలిగ్గా దిగేలా చేసే బ్రేక్ బూస్టర్‌ను ఊరికే మార్చారు. ఆ తర్వాత తెలిసింది, అదే బూస్టర్‌ను సర్వీసుకు వచ్చిన బండ్లకు చెప్పాపెట్టకుండా మార్చేస్తున్నారని. అడగనివాడి బండి సంగతి దేవుడికే తెలియాలి.

అప్పుడు మన దగ్గర రీకాల్ అంటే కంపెనీ దయ. ఇప్పుడు 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 110ఎ సెక్షన్ ఉంది, 2021 ఏప్రిల్ 1 నుంచి నియమాలు అమల్లో ఉన్నాయి. ఏడేళ్ళలోపు బండ్లకు వర్తిస్తాయి. రీకాల్ చేయని కంపెనీకి జరిమానా కోటి రూపాయల దాకా ఉంది. కానీ అమ్మకాలను బట్టి ఇన్ని ఫిర్యాదులు రావాలని ఒక లెక్క పెట్టారు. నాకైతే అది నచ్చలేదు. స్టీరింగ్ పోవడానికి ఇంతమంది ఉండాలనే కోరం ఏమిటి? అయినా ఆ లెక్క ఉంది కాబట్టే నీ ఫిర్యాదు అందులో పడాలి. కేంద్ర రవాణా శాఖ వాళ్ళ పరివాహన్ సైట్‌లో వెహికల్ రీకాల్ అనే చోట ఛాసిస్ నంబర్‌తో నమోదు చెయ్. కంపెనీ హెడ్ ఆఫీసుకు ఒక ఈమెయిల్, అదే ఉత్తరం స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపు. 1915కు ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నంబర్ తీసుకో. ఫేస్‌బుక్‌లో తిట్టడం తర్వాత చూద్దాం.

అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. నేను ఒక స్నేహితుడి కోసం తిరిగిన రోజుల్లో నాంపల్లి చంద్రవిహార్‌లో ఉండేది. ఇప్పుడు ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. లాయర్ తప్పనిసరి కాదు. కారుకు ఇచ్చింది 10 లక్షలు దాటి 20 లక్షల లోపైతే ఫీజు 400 రూపాయలే. రెండేళ్ళలోపు వేయాలి, వాళ్ళు "చూస్తాం, చూస్తాం" అంటూ ఆ రెండేళ్ళూ తినేస్తారు, జాగ్రత్త. ల్యాబ్ పరీక్షకు పంపమని కమిషన్‌ను అడగొచ్చు. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని హ్యుందాయ్ క్రెటా కారు కేసులో 2022లో సుప్రీంకోర్టు వినియోగదారుడి వైపే నిలిచింది. కారు కొన్నవాడు గుద్దిన వేగం, బలం లెక్కలు కట్టుకుంటూ కూర్చోలేడు కదా అంది.

శనివారం పొద్దున అమీర్‌పేటలో మెట్రో మారి మియాపూర్ వస్తాను. ఆర్‌సీ, ఇన్‌వాయిస్, ఇప్పటిదాకా చేయించిన సర్వీసు బిల్లులు తీసి ఉంచు. స్టేషన్‌కు కారేసుకుని రాకు, ఆటోలో వచ్చేస్తా.

మీ మామయ్య