రెండు రింగులకే ఫోన్ కట్ చేసేస్తున్నాను

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో ఉద్యోగం. పెళ్లైన రెండేళ్లకే విడాకులయ్యాయి, ఇప్పటికి ఐదేళ్లుగా ఒంటరిగా ఉంటున్నాను. ఇక్కడ చట్టం అభ్యంతరం పెట్టదని తెలిసి ఒక ఎస్కార్ట్‌కి, అంటే సెక్స్ వర్కర్‌కి, ఫోన్ చేద్దామనుకున్నాను. నంబర్ నొక్కగానే గొంతు తడారిపోతుంది, రెండు రింగులు వెళ్లగానే కట్ చేసేస్తాను. ఆవిడ తిరిగి చేస్తే ఎత్తను. ఏం మాట్లాడాలో తెలియదు. నా యాస విని నవ్వుతుందేమో, మనవాళ్లెవరికైనా తెలిసిపోతుందేమో అని భయం. ఫోన్ ఏమో మా అక్కావాళ్ల ఫ్యామిలీ ప్లాన్‌లో ఉంది. డిసెంబర్‌లో హైదరాబాద్ వస్తున్నాను, అక్కడైతే తెలుగులోనే మాట్లాడొచ్చు కదా అనిపిస్తోంది. అమ్మ మళ్లీ సంబంధాలు చూస్తోంది. నేను చేస్తున్నది తప్పా?
– పేరు రాయని పాఠకుడు

జవాబు: మీ ఉత్తరంలోని చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. అది తేలకపోతే మిగతా మాటలేవీ మీ చెవికెక్కవు. మీకిప్పుడు భార్య లేదు, ఎవరికీ మాట ఇచ్చి లేరు. మీరున్న దేశంలో 2003 నుంచి ఈ పని నేరం కాదు. అక్కడి పార్లమెంటులో ఆ బిల్లు 60–59 ఓట్లతో, అంటే ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. కాబట్టి మీరు ఎవరినీ మోసం చేయడం లేదు, చట్టాన్నీ దాటడం లేదు. ఇక మీ మనసుకి, మీ నమ్మకాలకి సరిపడుతుందా లేదా అన్నది మీరే తేల్చుకోవాలి. సరిపడదనిపిస్తే మానేయండి, అందులో పిరికితనమేమీ లేదు. సరిపడుతుందనుకుంటే మాత్రం దొంగతనానికి వెళ్తున్నవాడిలా వణకనక్కర్లేదు.

ఇక ఫోన్ సంగతి. ఆ కాల్‌లో పరీక్ష రాస్తున్నది మీరొక్కరే అనుకుంటున్నారు. అవతల ఎత్తే మనిషి ఎలాంటి ఆలోచనతో ఎత్తుతుందో ఒక్కసారైనా ఊహించారా? ముక్కూమొహం తెలియని మగవాడితో కాసేపట్లో ఒంటరిగా ఒక గదిలో ఉండాలి. అతను తాగి వస్తాడా, చెప్పిన మాట వింటాడా, డబ్బు దగ్గర పేచీ పెడతాడా? ఇవన్నీ ఆవిడ మీ గొంతును బట్టే తేల్చుకోవాలి. తడబడే గొంతు ఆవిడకి కొత్త కాదు. తొలిసారి చేసేవాళ్లు చాలామంది అలాగే మాట్లాడతారు. తడబాటును చూసి ఆవిడ భయపడదు. మాటల్లో దూకుడు, బూతు, పొంతన లేని జవాబులు వినిపిస్తే భయపడుతుంది. రెండు రింగులిచ్చి పెట్టేసే నంబర్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. మీకది సిగ్గు. ఆవిడకి మాత్రం ఎవడో వేధిస్తున్నాడు అనిపిస్తుంది. అందుకే ఆ మొదటి నంబర్‌కి మళ్లీ ఫోన్ చేయకండి. కావాలంటే ‘కంగారులో కట్ చేశాను, క్షమించండి’ అని ఒకే ఒక్క మెసేజ్ పెట్టి ఊరుకోండి. జవాబు వస్తే సరే, రాకపోతే అక్కడితో వదిలేయండి.

‘నేనెలా వినపడుతున్నాను’ అన్న ఆలోచన పక్కన పెట్టి, ‘నేను ప్రమాదం లేని మనిషినని ఈవిడకి ఎలా తెలియాలి’ అని ఆలోచించి చూడండి. మీ కంగారు సగం అక్కడే దిగిపోతుంది. ఎందుకంటే ఈ రెండో ప్రశ్నకి మీ దగ్గర జవాబుంది.

ముందు ఆ ప్రకటన పూర్తిగా చదవండి. మామూలుగా మగవాళ్లు ఫొటోలు చూసి నంబర్ దగ్గరికి దూకేస్తారు. ఫీజు ఎంత, ఏ రోజుల్లో పని చేస్తుంది, తన చోటికే రావాలా లేక మీ దగ్గరికి వస్తుందా, ఏవి చేయదు, ఇవన్నీ చాలావరకు అందులోనే ఉంటాయి. ‘మెసేజ్ మాత్రమే’ అని రాసి ఉంటే మీ సమస్య అక్కడే తీరిపోయింది. నంబర్ దాచి చేసే కాల్స్ ఎత్తనని చాలామంది రాస్తారు, కాబట్టి నంబర్ దాచకండి. అక్కావాళ్ల ప్లాన్ గురించి బెంగగా ఉంటే ఒక ప్రీపెయిడ్ సిమ్ కొనుక్కోండి, ఖర్చు పెద్దగా ఉండదు. ఆఫీసు ఫోన్ మాత్రం వద్దే వద్దు.

ఫోన్ ఇంట్లోంచి చేయకండి. పక్క గదిలో ఫ్లాట్‌మేట్ ఉన్నాడంటే మీ గొంతు గుసగుసలోకి దిగిపోతుంది, గుసగుసగా మాట్లాడే మగవాడంటే ఏ ఆడమనిషికైనా అనుమానమే. కారు ఎక్కడైనా ఆపుకుని కూర్చుని చేయండి. చెప్పాల్సింది ఒక చీటీ మీద రాసుకోండి, నవ్వొచ్చినా సరే. ‘హలో, నా పేరు ఫలానా. మీ ప్రకటన చూశాను. శనివారం సాయంత్రం ఒక గంటకి వీలవుతుందా? ఇదే నాకు మొదటిసారి, కొంచెం కంగారుగా ఉంది.’ ఇంతే. ఆ చివరి మాట దాచుకోవాలనిపిస్తుంది మీకు, కానీ అన్నిటికంటే పనికొచ్చేది అదే. అది విన్నాక చాలామంది తామే మాట అందుకుని మిగతాది నడిపిస్తారు. పేరు దగ్గర మొహమాటం వద్దు. అసలు పేరు చెప్పాలని లేదు, ఆవిడ చెప్పే పేరూ వృత్తి కోసం పెట్టుకున్నదే అయి ఉంటుంది. ఏదో ఒకటి చెప్పి, దానికే కట్టుబడి ఉండండి.

యాస గురించి నవ్వుతుందేమోనన్నారు. ఊరూరా మన పంజాబీలు, గుజరాతీలు, తెలుగువాళ్లు నిండిపోయిన దేశంలో ఆవిడ మీ యాస మొదటిసారి వినబోవడం లేదు. మెల్లగా మాట్లాడండి చాలు.

కొన్ని మాత్రం ఫోన్‌లో అనకండి. బేరం ఆడకండి. కూరగాయల బండి దగ్గర మనకున్న అలవాటు ఇక్కడ అవమానంలా తగులుతుంది. శరీరం గురించి, పడక గురించి వివరాలు అడగకండి. ఫోన్‌లోనే సుఖపడి పెట్టేసే రకం అనుకుని కట్ చేస్తారు. ‘ఇప్పుడే వచ్చేస్తాను’ అని తొందర పెట్టకండి. ఆవిడ కాదంటే ‘సరేనండీ’ అని పెట్టేయండి, ఎందుకని అడగొద్దు. ఒప్పుకున్నాక మనసు మారితే ముందుగానే మెసేజ్ పెట్టండి. చెప్పకుండా ఎగ్గొడితే ఆవిడకి ఆ పూట సంపాదన పోయినట్టే.

చట్టం ఒప్పుకుంటుందంటే డబ్బిచ్చినవాడు ఏమైనా చేయొచ్చని కాదు. కండోమ్ విషయంలో అక్కడ బాధ్యత కస్టమర్ మీద కూడా ఉంది, వద్దని పట్టుబట్టిన వాడికి 2,000 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. మధ్యలో దొంగతనంగా తీసేసిన ఒకతనికి 2021లో వెల్లింగ్టన్‌లో మూడేళ్లకు పైగా జైలు శిక్ష పడింది, అవతల ఉన్నది సెక్స్ వర్కరే. ఒప్పుకున్న తర్వాత కూడా ఏ క్షణంలోనైనా వద్దనే హక్కు ఆవిడకి ఉంది. 18 ఏళ్లు నిండనివాళ్ల దగ్గరికి వెళ్తే ఏడేళ్ల దాకా జైలు. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు ఈ పని చేయడానికి కూడా అక్కడి చట్టం ఒప్పుకోదు. అందువల్ల అలాంటివాళ్లు ఎవరి గుప్పిట్లోనైనా చిక్కుకుంటే బయటికి చెప్పుకోలేరు. ఏజెన్సీలో రిసెప్షనిస్టు ఫోన్ ఎత్తడం మామూలే. కానీ వెళ్లాక ఆ అమ్మాయి బెదిరిపోయి ఉన్నా, ఎవరో చెప్పింది అప్పజెప్పినట్టు మాట్లాడినా, వయసు మీద మీకే అనుమానం వచ్చినా లేచి వచ్చేయండి. డబ్బు పోతే పోయింది.

ఇంతవరకూ రాశాక మీ ఉత్తరం మళ్లీ చదివాను. ఎలా చేయాలో అడిగారు, తప్పా అని అడిగారు. మీకేం కావాలో మాత్రం ఎక్కడా రాయలేదు. ఐదేళ్లుగా ఎవరి స్పర్శా లేక ఒళ్లు మొద్దుబారినట్టుందా? అయితే మీరనుకున్న దారిలో అది కొంతవరకు దొరకొచ్చు. పక్కన కూర్చుని ‘భోంచేశావా’ అని అడిగే మనిషి కావాలా? అది గంట లెక్కన దొరకదు, బయటికొచ్చి కారెక్కాక ఇంకా వెలితిగా అనిపించొచ్చు. లేక పెళ్లి చెడిపోయినప్పుడు మీ మగతనం గురించి ఎవరైనా ఒక మాట అన్నారా, అది కాదని రుజువు చేసుకోవాలని ఉందా? ఈ మూడోదే అయితే ఫోన్ పక్కన పెట్టమని నా సలహా. రుజువు కోసం వెళ్లినవాడికి ఆ కంగారులోనే శరీరం సహకరించకపోవచ్చు, అప్పుడు దాన్నే రుజువనుకుంటారు. అలాంటి గాయం ఉంటే ముందు దాని గురించి ఎవరితోనైనా మాట్లాడండి. న్యూజిలాండ్‌లో 1737 నంబర్‌కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, మెసేజ్ కూడా పెట్టొచ్చు. శిక్షణ పొందిన కౌన్సెలర్లు పలుకుతారు. మొదటిసారి ఫోన్ చేసే ధైర్యం అక్కడ తెచ్చుకున్నా మంచిదే.

అమ్మ చూస్తున్న సంబంధాల మాట. ఇంకా ఏదీ ఖాయం కాలేదు కాబట్టి ఇప్పుడు అమ్మకి ఏమీ చెప్పనక్కర్లేదు. ఒక అమ్మాయితో మాటలు మొదలైతే మాత్రం ఇది ఆపేయండి. ఆగాక కొన్ని వారాలకి హెచ్‌ఐవీతో పాటు మిగతా సుఖవ్యాధుల పరీక్షలు చేయించుకోండి. వెంటనే చేయించుకుంటే ఉన్నదీ బయటపడకపోవచ్చు, ఎన్నాళ్లాగాలో డాక్టరే చెప్తారు. ఆ అమ్మాయికి చెప్పాలా అని రేపు అడుగుతారు మీరు. ‘విడాకుల తర్వాత నా జీవితంలో ఎవరూ లేరు’ అని మాత్రం అబద్ధం చెప్పకండి. ఆవిడ అడిగితే నిజం చెప్పండి. విని తప్పుకునే స్వేచ్ఛ ఆవిడకి ఉండాలి.

ఇక హైదరాబాద్. దీనికి మాత్రం వద్దు అని సూటిగా చెప్తాను. తెలుగులో మాట్లాడొచ్చన్న మీ ఆశ అర్థమైంది కానీ, అక్కడ నెట్‌లో కనబడే ఎస్కార్ట్ నంబర్ల వెనక ఆడమనిషి ఉంటుందన్న నమ్మకమే లేదు. ఎవరివో ఫొటోలు పెట్టి, ముందు కొంత యూపీఐ చేయమంటారు, తర్వాత సెక్యూరిటీ డిపాజిట్ అంటారు, చివరికి మీ వీడియో ఉందనో పోలీసులమనో బెదిరిస్తారు. ఎన్నారై అని తెలిస్తే అడిగే మొత్తం పెరుగుతుంది. చట్టమూ వేరు. మన దగ్గర వయసొచ్చిన స్త్రీ తనంతట తాను చేస్తే అది నేరం కాదు గానీ, వ్యభిచార గృహం నడపడం, ఆ సంపాదన మీద బతకడం, బహిరంగంగా పిలవడం 1956 నాటి చట్టం ప్రకారం నేరాలే. గుడికో బడికో ఆస్పత్రికో 200 మీటర్లలోపు జరిగితే విటుడికీ శిక్ష ఉంటుంది. సిటీలో 200 మీటర్లలోపు ఇవేవీ లేని చోటు ఎక్కడుందో మీరే చెప్పండి. పైగా అక్రమ రవాణాకి గురైన స్త్రీ అని తెలిసీ వెళ్లినవాడి మీద భారతీయ న్యాయ సంహిత కింద వేరే కేసు పడుతుంది.

ఇప్పటికే అలాంటి నంబర్ దేనికైనా హైదరాబాద్ వాళ్లకి డబ్బు పంపి ఉంటే, ఇక రూపాయి కూడా కట్టకండి. చాటింగ్ చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఇండియాలో దిగాక బెదిరింపు వస్తే 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. మీరెందుకు డబ్బు పంపారో చెప్పడానికి అక్కడ కూడా గొంతు తడారిపోతుంది. అయినా కట్ చేయకండి.