టెరాఫ్లాప్స్ ఎక్కువుంటే గ్రాఫిక్స్ కార్డు గొప్పదేనా?

ప్రశ్న: కాలేజీ ప్రాజెక్టులకు బ్లెండర్ (3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్) వాడతాను, ఖాళీ దొరికితే గేములు ఆడతాను, చిన్న ఏఐ మోడళ్లు ఇంట్లోనే నడిపి చూడాలని కూడా ఉంది. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060, ఆర్‌టీఎక్స్ 4060, ఏఎండీ ఆర్‌ఎక్స్ 7600... ఈ మూడు గ్రాఫిక్స్ కార్డుల్లో ఏది కొనాలో తేలడం లేదు. స్పెసిఫికేషన్లలో టెరాఫ్లాప్స్ (సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేయగలదో చెప్పే అంకె) వరుసగా 12.7, 15.1, 21.7 అని ఉన్నాయి. ఆ లెక్కన 7600 మిగతా రెండింటినీ చిత్తు చేయాలి, కానీ వీడియోల్లో అలా కనిపించడం లేదు. తేడా ఎక్కడుంది? నా మదర్‌బోర్డు పాతది, కార్డు బిగించే పీసీఐఈ స్లాట్ 3.0 రకం.
– ఇంజినీరింగ్ విద్యార్థి, భీమవరం

జవాబు: ముందు ఆ టెరాఫ్లాప్స్ అంకె ఎలా వస్తుందో చూడండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. ఎవరూ కార్డును నడిపి కొలిచింది కాదది. కోర్ల (లెక్కలు చేసే చిన్న యూనిట్ల) సంఖ్యను 2తో, ఆ తర్వాత గిగాహెర్ట్జ్‌లో ఉన్న బూస్ట్ క్లాక్‌తో (కార్డు పనిచేసే పై వేగంతో) గుణించి, వెయ్యితో భాగిస్తారు, అంతే. ఆ 2 ఎందుకంటే ఒక గుణకారం, ఒక కూడిక కలిపి ఒకే దెబ్బలో చేసే ఆదేశం ఉంటుంది, దాన్ని రెండు లెక్కలుగా చూస్తారు. 3060లో 3584 కోర్లు, 1.777 గిగాహెర్ట్జ్, లెక్క వేస్తే 12.7. 4060లో కోర్లు తగ్గి 3072 అయ్యాయి, క్లాక్ మాత్రం 2.46కు పెరిగింది కాబట్టి 15.1 వచ్చింది.

ఇప్పుడు 7600కు అదే లెక్క వేయండి. 2048 కోర్లు, 2.655 గిగాహెర్ట్జ్. 10.9 దగ్గరే ఆగిపోతుంది! మరి 21.7 ఎక్కడిదంటే, 7600 తరం ఏఎండీ కార్డుల్లో ఒక్కో కోరు ఒకేసారి రెండు ఆదేశాలు అందుకోగలదు కాబట్టి కంపెనీ మొత్తాన్ని మరో రెండుతో గుణించింది. అందులో అబద్ధమేమీ లేదు, అయితే ఆ జోడీ కుదరాలంటే ఒకదానిమీద ఒకటి ఆధారపడని రెండు ఆదేశాలు, అవి కూడా ఫలానా రకానివే, పక్కపక్కన దొరకాలి. గేముల్లో అలాంటివి కొద్దిగానే దొరుకుతాయి. అందుకే చేతికొచ్చే పని చూస్తే 7600 దాదాపు 4060 పక్కనే నిలబడుతుంది, రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా లెక్కగట్టే పద్ధతి) పెడితే వెనకబడుతుంది.

ఏఎండీ ఒక్కటే ఇలా చేసిందనుకోకండి. 2018లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 2080 టీఐ 13.4 టెరాఫ్లాప్స్, 2020లో వచ్చిన 3070 ఏకంగా 20.3, అయినా గేముల్లో రెండూ ఇంచుమించు సమానమే. 3000 సిరీస్‌లో ఎన్విడియా, అంతకుముందు పూర్ణాంకాల లెక్కలకే కేటాయించిన దారిలో దశాంశాల లెక్కలు కూడా నడిచేలా మార్చింది, కోర్ల లెక్క రెట్టింపైంది. కానీ గేములో పూర్ణాంకాల పని ఎలాగూ ఉంటుంది కదా, అది వచ్చినప్పుడల్లా ఆ దారి దానికే పోతుంది. కాబట్టి నేను గట్టిగా చెప్పేది ఒకటే: ఒకే కంపెనీ, ఒకే తరం కార్డులను పోల్చడానికి టెరాఫ్లాప్స్ పనికొస్తాయి, తరం మారితే, కంపెనీ మారితే ఆ అంకెను పక్కన పెట్టేయండి.

మీరు అసలు చూడాల్సింది మెమరీ. పెళ్లి వంటకు ఎంతమంది వంటవాళ్లను పెట్టినా సరుకు అందించేవాళ్లు చాలకపోతే పొయ్యి దగ్గర అందరూ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే, కోర్ల పరిస్థితీ అంతే. మెమరీ నుంచి సెకనుకు ఎంత డేటా అందుతుందో చెప్పే ఈ బ్యాండ్‌విడ్త్ లెక్క కూడా సులువే, బస్ (మెమరీ నుంచి డేటా వచ్చే దారి) వెడల్పును 8తో భాగించి మెమరీ వేగంతో గుణించండి. 3060కి 192 బిట్లు, 15 గిగాబిట్లు, అంటే సెకనుకు 360 గిగాబైట్లు. 4060కి 128 బిట్లు, 17 గిగాబిట్లు, అంటే 272. కొత్త కార్డుకే తక్కువ! ఆ లోటు పూడ్చడానికి చిప్‌లోపల ఎల్2 క్యాష్‌ను (డేటాను దగ్గరే ఉంచుకునే చిన్న, వేగమైన మెమరీని) 3 మెగాబైట్ల నుంచి 24కు పెంచారు. 1080పీలో ఆ కిటుకు బాగానే పనిచేస్తుంది, 4060 గేముల్లో 3060 కంటే ముందుంటుంది, పైగా 170 వాట్ల బదులు 115 వాట్లతోనే సరిపెట్టుకుంటుంది. రిజల్యూషన్ పెంచేకొద్దీ ఆ ఆధిక్యం కరుగుతూ వస్తుంది.

ఇక మీ సంగతి. గేములే అయితే 4060 అనేవాడిని. కానీ మీకు బ్లెండర్ ఉంది, ఏఐ ఉంది, పాత బోర్డు ఉంది, ఈ మూడూ 3060 వైపే లాగుతున్నాయి. 4060, 7600 రెండూ పీసీఐఈ లేన్లు (బోర్డుకూ కార్డుకూ మధ్య డేటా నడిచే దారులు) ఎనిమిదే వాడతాయి, 3060 పదహారూ వాడుతుంది. మీ 3.0 బోర్డు మీద, కార్డు మెమరీ నిండి డేటా మాటిమాటికీ ర్యామ్‌లోంచి రావాల్సి వచ్చినప్పుడు ఆ ఎనిమిది లేన్లు ఇరుకైపోతాయి, గేము ఆగి ఆగి నడుస్తుంది. ఇక 1300 కోట్ల పారామీటర్ల (మోడల్ నేర్చుకున్న అంకెల) ఏఐ మోడల్‌లో ఒక్కో పారామీటర్‌ను 4 బిట్లకు కుదించినా దాని బరువే 6.5 గిగాబైట్లు, పైన సంభాషణకు, విండోస్‌కు చోటు కావాలి. 4060, 7600లలో ఉండే 8 జీబీలో కిక్కిరిసిపోతుంది, 3060లో ఉండే 12 జీబీలో హాయిగా పడుతుంది. బ్లెండర్‌లో ఏఎండీ కూడా నడుస్తుంది గానీ ఎన్విడియా ఆప్టిక్స్ సాఫ్ట్‌వేర్‌తో రెండరింగ్‌లో (చివరి బొమ్మను తయారుచేయడంలో) ఉన్న సుఖం వేరు.

ఒక్క జాగ్రత్త. 3060లో 8 జీబీ రకం కూడా ఉంది. కోర్లు అవే 3584, టెరాఫ్లాప్స్ అవే, బస్ మాత్రం 128 బిట్లు, బ్యాండ్‌విడ్త్ 240కి పడిపోతుంది. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా డబ్బా మీద 12 జీబీ అని మీ కళ్లతో చూశాకే డబ్బు కట్టండి. ఎస్‌ఎంపీఎస్ (పీసీ పవర్ సప్లై) 550 వాట్లది, నమ్మకమైనది ఉండాలి.

ప్రశ్న: రెండు ల్యాప్‌టాప్‌లలోనూ ఆర్‌టీఎక్స్ 4060 అనే ఉంది, ధరలో మాత్రం చాలా తేడా. చవకది కొంటే నష్టమా?
– గృహిణి, హనుమకొండ (మా అబ్బాయి కోసం)

జవాబు: వాట్లు అడగండమ్మా. ల్యాప్‌టాప్ 4060ని తయారీదారు 35 నుంచి 115 వాట్ల మధ్య ఎక్కడైనా బిగించుకోవచ్చు, దాన్నిబట్టి బూస్ట్ క్లాక్ 1.47 నుంచి 2.37 గిగాహెర్ట్జ్ దాకా మారుతుంది. పై లెక్కే వేస్తే ఒకటి 9 టెరాఫ్లాప్స్, ఇంకొకటి 14.6. ఒకే చిప్ కాబట్టి ఇక్కడ ఆ పోలిక న్యాయమైనదే. స్పెసిఫికేషన్లలో ఈ వాట్లను టీజీపీ అని రాసి ఉంటుంది, రాయకపోతే షాపులో గట్టిగా అడగండి. బాబు తరగతికి మోసుకెళ్లి రాసుకోవడానికే అయితే తక్కువ వాట్లదే మేలు, బరువు తక్కువ, ఫ్యాన్ గోల తక్కువ.

ప్రశ్న: పాత ఆఫీసు పీసీకి జీటీ 1030 గ్రాఫిక్స్ కార్డు దొరికింది, తీసుకోనా?
– పాఠకుడు, అనంతపురం

జవాబు: అందులోని మెమరీ జీడీడీఆర్5 రకమైతే తీసుకోండి, డీడీఆర్4 రకమైతే వద్దు. పేరు ఒకటే, 384 కోర్లూ ఒకటే, కానీ మొదటిదాని బ్యాండ్‌విడ్త్ 48 గిగాబైట్లు, రెండోదానిది 16.8. రెండో రకం గేముల్లో సగం వేగం కూడా ఇవ్వని సందర్భాలున్నాయి.