హారర్ గేముల్లో ముగింపులు: మీ అమ్మాయి నోట్‌బుక్‌లో ఉన్నది ఏ ఉద్యోగం?

ప్రశ్న: మా అమ్మాయి నిజామాబాద్‌లో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. వయసు 17. సెలవుల్లో వాళ్ల అన్నయ్య కంప్యూటర్‌లో సైలెంట్ హిల్ 2 అనే భయంకరమైన గేమ్ ఆడింది. ఆడి ఊరుకోకుండా, ఏం చేస్తే కథ ఎలా ముగుస్తుందో ఒక నోట్‌బుక్ నిండా బాణం గుర్తులతో రాసుకుంది. ఇప్పుడు ఇంజినీరింగ్ వద్దు, గేములకు కథలు రాస్తానంటోంది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థలో ఏడాది కోర్సు ఉందట, అందులో చేర్చమంటోంది. ఇది నిజంగా ఉద్యోగమేనా? ఇలాంటి ఆటల వల్ల పిల్ల మనసు పాడవదా?
– ఒక తండ్రి

జవాబు: అది ఉద్యోగమేనండి. గేమ్ స్టూడియోల్లో దాన్ని నరేటివ్ డిజైన్ అంటారు. కథ, సంభాషణలు రాయడం అందులో ఒక భాగం మాత్రమే. ఆడేవారు చేసే ఏ పనికి కథలో ఏ ఫలితం రావాలి, ఆ ఫలితం వెంటనే కనిపించాలా లేక గంటల తర్వాత బయటపడాలా అన్నది నిర్ణయించి, దాన్ని ప్రోగ్రామర్లు అమలు చేయగలిగేంత స్పష్టంగా రాసిపెట్టడం అసలు పని. మీరు ఆందోళనతో ప్రస్తావించిన ఆ బాణం గుర్తుల నోట్‌బుక్ దాదాపు ఇదే పని. గేములంటే ఇష్టమని చెప్పే పిల్లలు చాలామంది నన్ను కలుస్తుంటారు గానీ, ఆడిన గేమ్‌ను విప్పి చూసి, లోపల అది ఎలా పనిచేస్తోందో రాసుకునేవారు అరుదుగా కనిపిస్తారు. ఆ నోట్‌బుక్‌ను దాచేయకండి. తీరిగ్గా పక్కన కూర్చుని, అందులో ఏముందో ఆమె చేతే చెప్పించుకోండి.

ఆమె ఏం గమనించిందో మీకు తెలియాలంటే ఆ గేమ్ గురించి కొంత చెప్పాలి. సైలెంట్ హిల్ 2ను జపాన్‌కు చెందిన కోనామి సంస్థ 2001లో విడుదల చేసింది. పోలండ్‌కు చెందిన బ్లూబర్ టీమ్ 2024లో దాన్ని మళ్లీ కొత్తగా నిర్మించింది. జేమ్స్ సండర్లాండ్ అనే వ్యక్తికి, చనిపోయిన భార్య మేరీ పేరుతో ఒక ఉత్తరం వస్తుంది. ఆమెను వెతుక్కుంటూ అతను పొగమంచు కమ్మిన ఒక అమెరికన్ ఊరికి వెళతాడు. సర్వైవల్ హారర్ తరహా గేముల్లో తూటాలూ మందులూ ఎప్పుడూ చాలీచాలకుండానే ఉంటాయి, ప్రతి తలుపూ భయపడుతూనే తెరవాలి. అయితే నా దృష్టిలో ఈ గేమ్‌కు ఇంత గౌరవం తెచ్చిపెట్టింది అందులోని వికృతాకారాలు కావు. 2001 నాటి ఆ గేమ్ మంచి, చెడు అని రెండు దారులు చూపించి ఏది కావాలని అడగదు. ఆడేవారి తీరును చాటుగా గమనిస్తూ, చివరికి ఏ ముగింపు ఇవ్వాలో తానే లెక్క కట్టుకుంటుంది.

దెబ్బ తగిలిన వెంటనే మందు వాడి జేమ్స్‌ను కాపాడుకుంటూ, మేరీ ఫొటోనూ ఉత్తరాన్నీ అప్పుడప్పుడు తీసి చూస్తూ ఉంటే, అతను గతాన్ని ఒప్పుకొని ఊరు విడిచి వెళ్లే ముగింపు వైపు కథ మొగ్గుతుంది. దారిలో మరియా అనే స్త్రీ తోడవుతుంది. ఆమెకు దూరం కాకుండా నడుస్తూ, ఆమెకు హాని కలగకుండా చూస్తూ, ఆస్పత్రిలో ఆమె పడుకున్న గదికి మళ్లీ వెళ్లి చూసొస్తే కథ మరో వైపు తిరుగుతుంది. ఇక ఏంజెలా అనే అమ్మాయి దగ్గర నుంచి జేమ్స్ చేతికి ఒక కత్తి వస్తుంది. దానితో పోరాడడం కుదరదు, సామాన్ల జాబితాలోంచి తీసి పరిశీలించడం మాత్రమే కుదురుతుంది. దాన్ని పదే పదే తీసి చూసినా, వైద్యం చేసుకోకుండా గాయాలతోనే చాలాసేపు తిరిగినా, ఈ మనిషికి బతకాలన్న కోరిక లేదని గేమ్ లెక్క కడుతుంది. అన్నిటికంటే విషాదమైన ముగింపు దాని నుంచే వస్తుంది. కత్తిని చూడడం తప్పని గానీ, చూస్తే ఏదో జరుగుతుందని గానీ ఎక్కడా హెచ్చరిక కనిపించదు. మీ అమ్మాయి బాణాలు గీసింది ఈ కనిపించని లెక్కలకే అయి ఉంటుంది. పదిహేడేళ్ల వయసులో ఇది పట్టుకోగలగడం చిన్న విషయం కాదు.

నైతిక నిర్ణయాన్ని బాహాటంగా అడిగే గేములూ ఉన్నాయి. వాటిలోని లోపాన్ని గుర్తించగలరా లేదా అన్నది ఈ వృత్తికి మంచి పరీక్ష. 2007లో వచ్చిన బయోషాక్ ప్రధానంగా తుపాకుల గేమే అయినా హారర్ ఛాయలు బలంగా ఉన్నది. అందులో లిటిల్ సిస్టర్లు అనే చిన్నపిల్లలు ఎదురైనప్పుడు, వాళ్లను కాపాడాలా, బలి తీసుకొని ఆడమ్ అనే శక్తి పదార్థాన్ని పూర్తిగా లాక్కోవాలా అన్నది ఆడేవారే తేల్చుకోవాలి. బలి తీసుకుంటే 160 ఆడమ్, కాపాడితే 80. ఇంతవరకు నిర్ణయం నిజంగానే కష్టమైనది. కానీ ముగ్గురిని కాపాడిన ప్రతిసారీ 200 ఆడమ్ కానుకగా అందుతుంది. ముగ్గురిని బలి తీసుకుంటే 480, ముగ్గురిని కాపాడితే 440. దయ చూపినందుకు ఆడేవారు పోగొట్టుకునేది చివరికి 40 మాత్రమే. పైగా ఆ కానుకలో ఇతర వస్తువులు కూడా ఉంటాయి. త్యాగం అనిపించిన పని ఆచరణలో త్యాగం కాకుండా పోయింది. ఈ లెక్క మీ అమ్మాయి ముందు పెట్టి, నువ్వైతే దీన్ని ఎలా సరిచేస్తావని అడగండి. కానుక తీసేస్తే దయగలవారిని శిక్షించినట్టు అవుతుందా, కానుక ఉంటుందని ముందే తెలియకపోతే సరిపోతుందా, అసలు అంకెలు లేకుండా ఈ నిర్ణయాన్ని అడగవచ్చా అని ఆమె తర్కించడం మొదలుపెడితే, ఆమెకు ఈ పని పట్ల ఉన్నది తాత్కాలికమైన మోజు కాదని మీరే గ్రహిస్తారు.

ఇంజినీరింగ్ వద్దన్న మాటకు వస్తాను. ఆమె వదిలేయాలనుకుంటున్న గణితం ఈ పనికి పునాది. 2015లో సూపర్‌మాసివ్ గేమ్స్ రూపొందించిన అంటిల్ డాన్‌లో ఎనిమిది మంది యువతీయువకులు ఒక రాత్రంతా మంచుకొండ మీద చిక్కుకుంటారు. తెల్లవారేసరికి ఎవరు మిగులుతారన్నది ఆడేవారి నిర్ణయాలను బట్టి ఉంటుంది. ఒక్కొక్కరికి బతకడం, చనిపోవడం అని రెండు అవకాశాలు అనుకుంటే, ఎనిమిది మందికి కాగితం మీద 256 ఫలితాలు తేలతాయి. కథ చీలే ప్రతి శాఖకూ నటులు, యానిమేషన్, టెస్టింగ్ కావాలి గనుక ఏ స్టూడియో అయినా 256 ముగింపులు విడివిడిగా తీయలేదు. ఏ శాఖలను మళ్లీ ఒకే దారిలోకి కలపాలి, ఏ సన్నివేశాన్ని చిన్న మార్పుతో పలుచోట్ల వాడుకోవచ్చు, ఆడేవారికి మాత్రం తమ నిర్ణయం వృథా పోలేదని ఎలా అనిపించాలి అన్న ఆలోచనలోనే డిజైనర్ నేర్పు కనిపిస్తుంది. ఎంపీసీ చదువుతున్న అమ్మాయి తన పర్ముటేషన్ల పాఠాన్ని, షరతుల తర్కాన్ని ఇక్కడ రోజూ వాడుకుంటుంది.

అందువల్ల ఇంటర్ మధ్యలో దారి మార్చవద్దు. ఈఏపీసెట్ రాయనివ్వండి. కంప్యూటర్ సైన్స్‌లో సీటు వస్తే అది ఈ కలకు అడ్డు కాదు, ప్రోగ్రామర్లతో వాళ్ల భాషలో మాట్లాడగలిగే కథకులకు స్టూడియోల్లో విలువ ఎక్కువ. దానితోపాటు డిజైన్ చదువుల తలుపు కూడా తట్టమనండి. ఐఐటీ బొంబాయి ఏటా నిర్వహించే యూసీడ్ పరీక్ష ద్వారా ఐఐటీ హైదరాబాద్ సహా కొన్ని ఐఐటీల్లో బీడిజైన్ అనే డిజైన్ డిగ్రీలో చేరవచ్చు. ఏదైనా నాలుగేళ్ల డిగ్రీ తర్వాత చేరాలంటే ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) బెంగళూరు ప్రాంగణంలో డిజిటల్ గేమ్ డిజైన్‌లో ఎండిజైన్ అనే పీజీ కోర్సు ఉంది. ఇంజినీరింగ్ ముగించి అటు వెళ్లడం కూడా మంచి మార్గమే.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్పాలి. హైదరాబాద్, బెంగళూరు, పుణె, ముంబైలలో గేమ్ స్టూడియోలు ఉన్నాయి. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి పెద్ద సంస్థ కూడా ఉంది. అయితే మన దేశంలో ఎక్కువ పని విదేశీ గేములకు ఆర్ట్, ప్రోగ్రామింగ్, టెస్టింగ్ సేవలు అందించడంలోనూ, ఫోన్ గేముల్లోనూ ఉంది. చదువు ముగిసిన వెంటనే నరేటివ్ డిజైనర్ హోదాతో చేరే అవకాశాలు తక్కువ. చాలామంది ప్రోగ్రామింగ్‌లోనో టెస్టింగ్‌లోనో, గేమ్‌లోని ఒక్కో దశను రూపొందించే లెవెల్ డిజైన్‌లోనో చేరి, అక్కడి నుంచి ఇటు వస్తారు. మొదటి రెండు మూడేళ్లు వేరే పని చేయాల్సి రావచ్చని అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. తెలిసి ఎంచుకుంటే అప్పుడు కుంగిపోదు.

ఈ రంగంలో అడుగు పెట్టాలంటే మార్కుల కంటే ముందు చూపించాల్సింది చేసిన పని. పరీక్షలయ్యాక వేసవిలో ఆమె ఒక చిన్న గేమ్ పూర్తి చేయాలి. ట్వైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రామింగ్ పెద్దగా రాకపోయినా శాఖలున్న కథ రాయవచ్చు, తెలుగులో కూడా రాయవచ్చు, ఇంట్లో ఉన్న మామూలు కంప్యూటర్ చాలు. పావుగంటలో ఆడగలిగే కథ, మూడు ముగింపులు, అంతకు మించి వద్దు. మూడింటిలో ఒక్కటైనా ఆడేవారిని నేరుగా అడగకుండా, వారి ప్రవర్తనను బట్టి రావాలి. కథాస్థలం అమెరికా పొగమంచే అవ్వాలన్న నియమం లేదు. తైవాన్‌కు చెందిన రెడ్ క్యాండిల్ అనే చిన్న స్టూడియో 2017లో విడుదల చేసిన డిటెన్షన్, 1960లలో తమ దేశంలో సైనిక శాసనం కింద నలిగిన ఒక పాఠశాల కథ చెప్పింది. ప్రధాన పాత్ర తాను చేసిన పనిని ఒప్పుకుంటుందా లేదా అన్నదాని మీదే దాని ముగింపు ఆధారపడుతుంది. తమ నేల మీది భయాన్ని తీసుకున్నందుకే అది బయటి దేశాల వాళ్లను కూడా కదిలించింది. మీ అమ్మాయికి తెలిసిన హాస్టలో, మూతపడిన ఫ్యాక్టరీనో, అమ్మమ్మగారి ఊరి పాత ఇల్లో సరిపోతుంది. పూర్తయ్యాక పదిమంది స్నేహితుల చేత ఆడించి, ఎవరికి ఏ ముగింపు వచ్చిందో, ఎందుకొచ్చిందని వాళ్లు అనుకున్నారో రాసుకోమనండి. ఆ గేమ్, ఆ రాతలు కలిసి ఆమె మొదటి పోర్ట్‌ఫోలియో, అంటే చేసిన పనిని చూపించే సంకలనం, అవుతాయి.

మనసు గురించి మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. సైలెంట్ హిల్ 2కు అమెరికా వర్గీకరణ ప్రకారం 17 ఏళ్లు, యూరప్ వర్గీకరణ ప్రకారం 18 ఏళ్లు నిండి ఉండాలి. అందులో దీర్ఘకాలిక రోగం, వేధింపులు, ఆత్మహత్య వంటి అంశాలున్నాయి. చీకటి కథను ఇష్టపడడమే జబ్బు కాదు, దాన్ని విడదీసి పరిశీలించే పిల్లలు సాధారణంగా దానికి కొంత ఎడంగానే ఉంటారు. మొదటిసారి ఆడినప్పుడు ఏ ముగింపు వచ్చిందని ఆమెను అడగండి, వచ్చిన జవాబుకు తీర్పు చెప్పకుండా వినండి. నిద్ర, తిండి, స్నేహితులతో మాటలు మామూలుగా ఉంటే ఈ విషయంలో బెంగ అక్కర్లేదు. నిద్ర చెడి, అందరికీ దూరంగా ఉంటూ, బతుకు మీద ఆశ లేనట్టు మాట్లాడితే మాత్రం దాన్ని గేమ్ మీదకు నెట్టి ఊరుకోకుండా మానసిక నిపుణులను కలవండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఏడాది ప్రైవేటు కోర్సుకు ఇప్పుడే డబ్బు కట్టకండి. చేరక తప్పదనిపిస్తే ముందుగా మీరిద్దరూ కలిసి అక్కడికి వెళ్లండి. పాత విద్యార్థులు పూర్తి చేసిన గేములు చూపించమని అడిగి, వాటిని అక్కడే అమ్మాయి చేత ఆడించండి. పాఠం చెప్పేవారి పేరు విడుదలైన ఏ గేమ్ క్రెడిట్స్‌లో ఉందో చూపించమనండి. మధ్యలో మానేస్తే ఫీజు ఎంత తిరిగి ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. వీటిలో ఏ ఒక్కదానికి తడబడినా ఆ డబ్బు బ్యాంకులోనే ఉంచి, వేసవిలో ఆమె గేమ్ పూర్తయ్యాక దాన్ని నాకు పంపించండి. ఆడి చూసి, తర్వాత ఏం చదవాలో అప్పుడు మాట్లాడుకుందాం.