మొబైల్ నెట్‌వర్క్ కోడ్‌లో ముందున్న సున్నా ఎక్కడికి పోయింది?

ప్రశ్న: మా ఊరికి ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం చాలా దగ్గర. అందువల్ల ఇక్కడి ఫోన్లు ఒకచోట ఒడిశా సర్కిల్ టవర్‌ను, మరోచోట ఆంధ్ర సర్కిల్ టవర్‌ను పట్టుకుంటాయి. ఎక్కడ ఏది అందుతోందో నమోదు చేసే ఆండ్రాయిడ్ యాప్ రాస్తున్నాను. టవర్ పంపే దేశ కోడ్‌ను, ఏ కంపెనీ నెట్‌వర్కో తెలిపే నెట్‌వర్క్ కోడ్‌ను ఇంటీజర్లుగా (పూర్ణసంఖ్యలుగా) దాచి, రెంటినీ పక్కపక్కన చేర్చి పట్టికలో వెతికితే కొన్ని నెట్‌వర్కుల పేర్లు దొరకడం లేదు. పైగా దేశ కోడ్ 91కి బదులు 404 అనో 405 అనో వస్తోంది. తప్పు ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: దేశ కోడ్ విషయంలో మీ యాప్ తప్పేమీ లేదు. 91 అనేది ఫోన్ చేసేటప్పుడు నొక్కే కోడ్. టవర్ ప్రసారం చేసేది మొబైల్ దేశ కోడ్. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ మొదటిదాన్ని ఇ.164 ప్రమాణంలోనూ, రెండవదాన్ని ఇ.212 ప్రమాణంలోనూ నిర్వచించింది. మన దేశానికి 404, 405, 406 కేటాయించారు. ఒకదాన్నిబట్టి మరొకదాన్ని లెక్కగట్టే వీలు లేదు: అమెరికా, కెనడా రెండింటికీ ఫోన్ కోడ్ 1 అయినా, కెనడా మొబైల్ కోడ్ 302, అమెరికా కోడ్‌లు 310 నుంచి మొదలవుతాయి.

అసలు చిక్కు ఇంటీజర్ల దగ్గరే ఉంది. మొబైల్ దేశ కోడ్‌కు ఎప్పుడూ మూడంకెలే గాని, నెట్‌వర్క్ కోడ్ రెండంకెలదీ కావచ్చు, మూడంకెలదీ కావచ్చు; ఎన్ని అంకెలు అన్నది కూడా ఆ కోడ్‌లో భాగమే కనుక ప్రమాణం ప్రకారం 01, 001 వేర్వేరు కోడ్‌లు. ఆంధ్ర సర్కిల్‌లో ఐడియాకు కేటాయించిన 404-07ను ఇంటీజర్లుగా దాచి చేర్చితే, ముందున్న సున్నా పోయి 4047 మిగులుతుంది. అది ఏ పట్టికలోనూ ఉండదు. అలాగని ప్రతి నెట్‌వర్క్ కోడ్‌నూ సున్నాలతో మూడంకెలకు పెంచితే 404-007 అనే, కేటాయించని కోడ్ పుడుతుంది. రెండంకెలకే కుదించడమూ కుదరదు, ఎందుకంటే మీ ప్రాంతంలోనే ఎయిర్‌టెల్ ఒడిశా కోడ్ 405-53 కాగా, జియో ఒడిశా కోడ్ 405-866. ఒకే దేశ కోడ్ కింద రెండు పొడవులూ ఉన్న మన దేశంలో ఈ పొరపాటు త్వరగా బయటపడుతుంది.

ఆండ్రాయిడ్ సైతం ఈ ఇబ్బంది పడింది. అందులోని కాన్ఫిగరేషన్ క్లాసు నెట్‌వర్క్ కోడ్‌ను ఇంటీజరుగా ఉంచుతుంది; సున్నాకు "కోడ్ తెలియదు" అనే అర్థం ముందే ఇచ్చినందువల్ల, నిజంగా సున్నా అయిన కోడ్‌ను సూచించడానికి 65535 అనే విలువను వాడవలసివచ్చింది. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9లో సెల్ సమాచారానికి గెట్‌ఎమ్‌సీసీస్ట్రింగ్, గెట్‌ఎమ్‌ఎన్‌సీస్ట్రింగ్ అనే పద్ధతులను చేర్చి, ఇంటీజర్ పద్ధతులను వాడవద్దన్నారు. మీరూ ఈ కొత్తవాటినే పిలవండి. కోడ్ తెలియనప్పుడు ఇవి నల్ (ఏ విలువా లేదనే గుర్తు) ఇస్తాయి. పాతవి 2147483647 ఇచ్చేవి, మీ డేటాబేస్‌లో అలాంటి వరుసలుంటే వాటిని తీసివేయవచ్చు. రెండు కోడ్‌లనూ విడివిడి నిలువు వరుసలలో స్ట్రింగులుగానే (అక్షరాల వరుసలుగానే) దాచాలని నా గట్టి సలహా. ఇవి కూడికలకూ తీసివేతలకూ పనికొచ్చే సంఖ్యలు కావు, పిన్‌కోడ్‌ల వంటి గుర్తులు.

ఇప్పటికే పోగైన సమాచారంలో నెట్‌వర్క్ కోడ్ 7 అని ఉన్నచోట, దేశ కోడ్ 404 అయితే దాన్ని 07గా సరిదిద్దవచ్చు. 405 కింద మాత్రం అలా ఊహించకండి: ఆండ్రాయిడ్ జాబితాలో 405-025 వంటి, సున్నాతో మొదలయ్యే మూడంకెల కోడ్‌లూ ఉన్నాయి. ఆ చోట్లకు వెళ్లి మళ్లీ నమోదు చేసుకోవడమే నమ్మదగిన దారి.

ప్రశ్న: సిమ్‌లోని ఐఎమ్‌ఎస్‌ఐ (చందాదారుణ్ని గుర్తించే సంఖ్య) పదిహేను అంకెలూ ఏకబిగిన ఉంటాయి కదా, అందులో నెట్‌వర్క్ కోడ్ ఎక్కడ ముగుస్తుందో ఫోన్‌కు ఎలా తెలుస్తుంది?
– ఒక విద్యార్థిని, ధర్మాబాద్, నాందేడ్ జిల్లా

జవాబు: ఆ అంకెలను మాత్రమే చూస్తే తెలియదు. సిమ్‌లో పరిపాలనా సమాచారం ఉండే చిన్న ఫైలు ఒకటుంది; దాని నాలుగో బైటులో నెట్‌వర్క్ కోడ్ పొడవు 2 అనో 3 అనో రాసి ఉంటుంది. ఆ బైటు లేని పాత సిమ్‌ల కోసం, మూడంకెల కోడ్‌ల జాబితాను ఆండ్రాయిడ్ తనలోనే ఉంచుకుంది.