కౌమారం ఐదేళ్ళదా, పదిహేనేళ్ళదా?

సందేహం: నేను డి.ఎడ్. పూర్తిచేసి టెట్‌కు చదువుకుంటున్నాను. శిశు వికాసం పుస్తకంలో శైశవం, పూర్వ బాల్యం, ఉత్తర బాల్యం అయ్యాక 12 నుంచి 19 ఏళ్ళ దాకా కౌమార దశ అని రాశారు. రోజూ గీతాపారాయణ చేసే మా తాతగారు అది చూసి, "కౌమారం అంటే పసితనం, మీ పుస్తకం తప్పు" అంటున్నారు. ఎవరి మాట సరైనది? యవ్వనం అనాలా, యౌవనం అనాలా అన్నది కూడా చెప్పగలరు.

సమాధానం: ముందు మీ టెన్షన్ తీరుస్తాను. పరీక్షలో మీ పుస్తకంలో ఉన్నట్టే రాయండి, మార్కులు ఎక్కడికీ పోవు. ఇక తాతగారి మాటకొస్తే, సంస్కృతంలో కౌమారం అంటే పసితనం అన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. గీత రెండో అధ్యాయం 13వ శ్లోకంలో "కౌమారం యౌవనం జరా" అని ఉంది. మనిషి బతుకంతా అక్కడ మూడు ముక్కల్లో అయిపోయింది. ఆ కౌమారానికి శంకరాచార్యులు చెప్పిన అర్థం బాల్యావస్థ. ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాల్లో పసిపిల్లల పోషణ, వైద్యం చెప్పే భాగం పేరు కౌమారభృత్యం. కృష్ణుడి లీలలను వయసుల వారీగా చెప్పే వైష్ణవ గ్రంథాల లెక్క ఇంకా కచ్చితంగా ఉంటుంది. ఐదేళ్ళు నిండేదాకా కౌమారం, పదేళ్ళ దాకా పౌగండం, ఆ తర్వాత పదిహేను, పదహారేళ్ళ దాకా కైశోరం, అది దాటితే యౌవనం.

ఈ లెక్కన మీ పుస్తకంలోని దశకు దగ్గరగా ఉన్న మాట కైశోరం. హిందీవాళ్ళు దాన్నే తీసుకుని కిశోరావస్థ అన్నారు. మన దగ్గర కూడా అంగన్‌వాడీకి వెళ్ళి వినండి, అక్కడ "కిశోర బాలికలు" అంటారు. అదే అమ్మాయి బడి పుస్తకంలోకి వచ్చేసరికి "కౌమార బాలిక" అవుతుంది. తెలుగు పాఠ్యపుస్తకాలు కౌమారాన్ని ఎందుకు ఎంచుకున్నాయన్నదానికి నాకు తోచిన కారణం ఇది. కిశోరం అంటే మొదట గుర్రప్పిల్ల, పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో ఆ అర్థమే ఉంది. తెలుగువాడికి ఆ మాట వినగానే సింహకిశోరం గుర్తొస్తుంది, పదమూడేళ్ళ పిల్లవాడు గుర్తురాడు. కుమారి అనే మాట సంగతి అలా కాదు. నవరాత్రుల పూజలో రెండేళ్ళ పాప కుమారిక. పెళ్ళి కాని ఇరవై ఏళ్ళ అమ్మాయి పేరు ముందు కూడా కుమారి అని రాస్తాం. కొడుక్కి యాభై ఏళ్ళొచ్చినా శుభలేఖలో కుమారుడే. అంటే తెలుగులో ఈ మాట ఐదేళ్ళ గీత దాటి ఎప్పుడో ముందుకు జరిగింది. పుస్తకం రాసినవాళ్ళు దాన్ని అక్కడ పట్టుకున్నారు.

అసలు విషయం ఇంకొకటి ఉంది. ఆ వయసుకు ఒక శాస్త్రపు మాట కోసం వెతుక్కోవలసిన అవసరం ఎందుకొచ్చింది? అమెరికా మనోవైజ్ఞానికుడు స్టాన్లీ హాల్ ఈ ఒక్క దశ మీద రెండు సంపుటాల పెద్ద గ్రంథం ప్రచురించింది 1904లో. మీ పుస్తకంలో "ఒత్తిడి, ఒడిదుడుకుల దశ" అని చదివే మాట ఆయనతోనే ప్రచారంలోకి వచ్చింది. అంతకుముందు పిల్లలు ఆ వయసు దాటలేదని కాదు. దాన్ని విడిగా ఒక దశగా లెక్కపెట్టడం తక్కువ. మన స్మృతుల్లో ఒక శ్లోకం చూడండి: ఎనిమిదేళ్ళ పిల్ల గౌరి, తొమ్మిదేళ్ళ పిల్ల రోహిణి, పదేళ్ళ పిల్ల కన్య, ఆ పైన రజస్వల. పదేళ్ళ దాకా ఏడాదికొక పేరు పెట్టినవాళ్ళు, ఆ తర్వాత అన్ని ఏళ్ళనూ ఒక్క మాటలో ముగించారు. మన ఇళ్ళలో మాటా అంతే. పన్నెండేళ్ళ పిల్ల ఒక్క రోజులో "పెద్దమనిషి" అయిపోతుంది. మగపిల్లవాడికి మాత్రం "నూనూగు మీసాల ప్రాయం" అని ఒక మెత్తని మాట ఉంది, ఎదగడానికి కాస్త వ్యవధి ఉంది. ఆడపిల్లకు భాష ఆ వ్యవధి ఇవ్వలేదు. మనోవైజ్ఞానికుడు ఎరిక్సన్ మనిషి మనసు సమాజంతో కలిసి ఎదిగే తీరును ఎనిమిది మనోసాంఘిక దశలుగా చెప్పాడు; వాటిలో ఐదోది, "నేనెవర్ని" అని తన్ను తాను వెతుక్కునే దశ, ఈ వయసుదే. పదమూడో ఏట అత్తవారింటికి వెళ్ళిన పిల్లకు ఆ ప్రశ్న వేసుకునే తీరిక ఎక్కడిది? అందుకే, అర్థం పాతదానితో కలవకపోయినా, కౌమారం అనే మాట పుస్తకాల్లోకి రావడం నాకు సంతోషమే. పాపకూ పెద్దమనిషికీ మధ్య ఏడెనిమిదేళ్ళు ఉన్నాయని అది ఒప్పుకుంటోంది.

బాల్యం అనే మాటకూ రెండు కొలతలున్నాయి, ఇది కూడా తెలుసుకోండి. మీ పుస్తకంలో బాల్యం 12తో ముగుస్తుంది. చట్టంలో అలా కాదు. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళికి 14 ఏళ్ళు నిండాలంది. 1978లో అది 18కి పెరిగింది. 2006 చట్టంలోనూ ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21. కాబట్టి పదిహేడేళ్ళ అమ్మాయి మీ పాఠంలో కౌమారంలో ఉంటుంది, ఆమెకు పెళ్ళి చేస్తే మాత్రం అది బాల్య వివాహమే. వయోజనుడూ ఇంతే: 1978లో మొదలైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం 15 నుంచి 35 ఏళ్ళవారికి ఉద్దేశించినది. వయోజన ఓటుహక్కు 1989 దాకా 21 ఏళ్ళకు, ఆ తర్వాత 18కి. అమరకోశమైతే శైశవం, బాల్యం ఒకటేనంటుంది. మీరు ఏ పుస్తకం చేతిలోకి తీసుకుంటే దాని కొలతే అక్కడ చెల్లుతుంది.

బడిలో చేరాక తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు మాత్రం "మీ పాప కౌమార దశలో ఉందండీ" అనకండి. చాలామందికి అది అర్థం కాదు. "ఎదిగే వయసండీ" అనండి. ఆశ్చర్యం ఏమిటంటే, ఇంగ్లీషు అడోలసెంట్ అనే మాట లాటిన్‌లో ఎదగడం అనే ధాతువు నుంచే పుట్టింది. అడల్ట్ కూడా ఆ ధాతువుదే. మొదటిది ఎదుగుతున్నవాడు, రెండోది ఎదిగినవాడు. ఆ తేడాను మన అమ్మమ్మలు ఎదిగే పిల్ల, ఎదిగిన పిల్ల అని ఒక్క అక్షరంలో చూపించారు. ఇన్‌ఫంట్ అంటే లాటిన్‌లో మాటలు రానివాడు. మనకు చంటిబిడ్డ, పొత్తిళ్ళ బిడ్డ, పసికందు ఉన్నారు. పిల్లలు ఎప్పుడు ఏం చేస్తారో మన ఇళ్ళలో పిండివంటలతో గుర్తుపెట్టుకున్నారు కూడా: నవ్వితే నువ్వుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. మనుషుల్ని చూసి నవ్వడం సుమారు రెండో నెలలో, బోర్లాపడడం నాలుగు నుంచి ఆరు నెలల మధ్య, అడుగులు దాదాపు ఏడాదికి. శిశు వికాస పాఠంలో చాలక వికాసం, అంటే ఒంటి కదలికల ఎదుగుదల, అని మీరు చదివే వరుస ఇదే. పాఠం చెప్పేటప్పుడు ఈ మాటలు వాడండి, పిల్లలు మరిచిపోరు.

ఇక రెండో ప్రశ్న. యువన్ శబ్దం నుంచి వచ్చింది కాబట్టి సంస్కృత రూపం యౌవనం. తెలుగు నోట ఔకారం అవుగా పలకడం మామూలే, ఔను అన్నా అవును అన్నా మనకు ఒకటే. ఆ దారిలోనే యవ్వనం అలవాటైంది. కథలోనో మాటల్లోనో యవ్వనం అంటే నేను తప్పు పట్టను. నవయౌవనం వంటి సమాసాల్లో మాత్రం యౌవనం అనే రాయండి. మీ పుస్తకంలో "యవ్వనారంభ దశ" అని ఉంటే పరీక్షలో అలాగే దించేయండి, తాతగారికి చూపించేటప్పుడు "యౌవనారంభ దశ" అని దిద్ది చూపించండి.