ఒకే అభ్యర్థి రెండు అసెంబ్లీ స్థానాల్లో గెలిస్తే ఏమవుతుంది?

ఒక స్థానాన్నే ఉంచుకోవాలి. రెండోదానికి 14 రోజుల్లోగా స్పీకర్‌కు రాతపూర్వకంగా రాజీనామా ఇవ్వాలి. ఫలితాలు వేర్వేరు రోజుల్లో వెలువడితే చివరి ప్రకటన తేదీ నుంచి లెక్క. గడువు దాటిందా, రెండు స్థానాలూ ఖాళీ అయినట్టే. ఏది ఉంచుకోవాలన్నది పూర్తిగా ఆయన ఇష్టం, మెజారిటీతో పని లేదు.

ఒక మనిషికి సభలో ఒకే ఓటు, ఒకే కుర్చీ. పోటీకి మాత్రం ప్రజాప్రాతినిధ్య చట్టం ఒకటికి మించి చోట్ల అవకాశమిస్తుంది. 1996 సవరణకు ముందు ఎన్ని చోట్ల నిలబడాలన్నదానికి పరిమితే లేదు, ఇప్పుడు రెండే. 1985లో ఎన్టీ రామారావు హిందూపురం, గుడివాడ, నల్గొండ మూడింటా గెలిచి హిందూపురం ఉంచుకున్నారు. మిగతా రెండింటికీ ఉప ఎన్నికలు జరిగాయి. ఆ ఫీటు నేడు చట్టప్రకారం కుదరదు.

వదిలేసిన సీటు రెండో స్థానంలో నిలిచిన అభ్యర్థికి దక్కుతుందని చాలామంది అనుకుంటారు. దక్కదు. గెలిచిన వ్యక్తి రాజీనామా చేశాడంటే ఆ ఎన్నిక చెల్లలేదని కాదు, అక్కడ ఖాళీ ఏర్పడిందని అర్థం. మామూలుగా ఆరు నెలల్లోగా ఉప ఎన్నిక పెట్టాలి. ఆ ఖర్చు ప్రజల డబ్బే, రాజీనామా చేసినవారిపై పడదు.

డిపాజిట్ సంగతి చాలామందికి తెలియదు. జనరల్ అభ్యర్థి ఒక్కో స్థానానికి 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలైతే 5,000 కట్టాలి. సాధారణ ఎన్నికల్లో రెండు చోట్ల నిలబడినవారికి, రెండూ గెలిచినా సరే, ఒక్క డిపాజిట్టే వెనక్కి వస్తుంది.