పాత ట్విన్ లెన్స్ రిఫ్లెక్స్ కెమెరా (ఒకదానిపై ఒకటి రెండు లెన్స్‌లుండే ఫిల్మ్ కెమెరా) కొనాలంటే పేరున్న రోలీఫ్లెక్స్ బ్రాండే కొనాలా?

అక్కర్లేదు. పేరుకన్నా కెమెరా ఏ స్థితిలో ఉందన్నదే ముఖ్యం.

ముందు షట్టర్‌ను ఒక సెకను వేగంలో పెట్టి నొక్కండి. లోపలి గ్రీజు గట్టిపడితే మొదట మొరాయించేవి ఈ నెమ్మది వేగాలే. తర్వాత వెనుక మూత తెరిచి, షట్టర్‌ను ‘బి’లో (బటన్ నొక్కినంతసేపూ తెరుచుకునే ఉండే సెట్టింగ్) తెరిచి ఉంచి, కింది లెన్స్‌లోకి టార్చి వేసి చూడండి. సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. ఫోటో తీసేది ఆ లెన్సే. పైది చూడటానికే కాబట్టి దానిమీద చిన్న గీతలున్నా ఫర్వాలేదు.

నా ఓటు యాషికా మ్యాట్ 124జీకి: 80 మి.మీ. లెన్స్, క్రాంక్ (పక్కనుండే చేతి పిడి) తిప్పితే ఫిల్మ్ జరగడంతో పాటు షట్టర్ కూడా సిద్ధమవుతుంది. లెన్స్‌లు మార్చుకోవాలనుకుంటే మామియా సి సిరీస్ ఉంది, కానీ బాగా బరువు.